6 మీటర్ల వైరుకు ఏ ప్రీయాంపు?

ప్రశ్న: అయ్యా, మా హాల్లో సీడీ ప్లేయరు ఒక గోడ దగ్గర, పవర్ యాంపు, స్పీకర్లు ఎదుటి గోడ దగ్గర ఉన్నాయి. మధ్యలో వైరు 6 మీటర్లు. యాంపు పుస్తకంలో ఇన్‌పుట్ 1 వోల్టు, 47 కిలో ఓమ్‌లు అని ఉంది. ‘పాసివ్ ప్రీయాంపు తెచ్చుకో అక్కా, కరెంటే అక్కర్లేదు, పాట ఉన్నదున్నట్టు వస్తుంది’ అంటాడు మా తమ్ముడు. 50 కిలో ఓమ్‌ల పెట్టె ఒకటి చూసిపెట్టాడు. షాపతనేమో యాక్టివే కొనమంటాడు. నాన్న రికార్డు ప్లేయరు కూడా మళ్లీ మోగించాలని నా ఆశ. ఏది కొనాలి?
— ఒక ఉపాధ్యాయిని, సాయినగర్, అనంతపురం

జవాబు: అమ్మా, మీ తమ్ముడి మాట సగం నిజం. ప్రీయాంపు అంటే ప్లేయరుకూ పవర్ యాంపుకూ మధ్య ఉండి వాల్యూము సర్దే పెట్టె. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంటే కింద కుళాయి చాలు, మోటారుతో పనిలేదు. పాసివ్ ఆ కుళాయి లాంటిది. వచ్చేదాన్ని తగ్గిస్తుందే గానీ పెంచలేదు. కరెంటుతో నడిచే యాక్టివ్ మోటారు లాంటిది, పెంచగలదు. సీడీ ప్లేయరు మామూలుగా 2 వోల్టులు ఇస్తుంది, మీ యాంపుకు 1 చాలు. పెంచాల్సిన పనే లేదు.

చిక్కంతా వైరుతోనే. కడప ఎర్రముక్కపల్లెలో మా ఇంట్లో నేనూ 50 కిలో ఓమ్‌ల వాల్యూము కంట్రోలే పెట్టి, అక్కణ్ణించి యాంపుదాకా గోడ వెంట వైరు లాగాను. కీర్తనల్లో తాళాల గలగల మసకబారింది. స్పీకర్లను అనుమానిస్తూ వారం పోగొట్టుకున్నా. ఆ కంట్రోలు సిగ్నల్‌ను సగానికి తగ్గించే చోట దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే బయటికొచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు, 12.5 కిలో ఓమ్‌లు. షీల్డు వైరుకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్తును తనలో కాస్త నిలుపుకునే గుణం) ఉంటుంది, మీ 6 మీటర్లకు 600. రెండూ కలిస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గరే దాదాపు 1 డెసిబెల్ తగ్గుతుంది, 21 దగ్గర 3. తాళాల మెరుపు ఉండేది ఆ పైస్థాయిలోనే.

మీ తమ్ముణ్ణి 10 కిలో ఓమ్‌ల పెట్టె వెతకమనండి. ఇంపెడెన్స్ 2.5 కిలోకు దిగుతుంది, కోత మన చెవికి అందని దూరానికి పోతుంది. ఆ పెట్టెను ప్లేయరు పక్కన పెట్టొద్దు. యాంపు పక్కనే, అర మీటరు వైరుతో పెట్టండి. పొడుగు వైరు ప్లేయరు వైపు ఉండనివ్వండి, దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సాధారణంగా కొన్ని వందల ఓమ్‌లే కాబట్టి 6 మీటర్లు దానికి భారం కాదు. వాల్యూముకు లేచి వెళ్లాల్సి వస్తుంది, అంతే.

నాన్నగారి ప్లేయరు సంగతి వేరు. దాని కార్ట్రిడ్జి, అంటే సూది ఉండే భాగం, మాగ్నెట్ రకమైతే వచ్చేది 5 మిల్లీవోల్టుల దరిదాపుల్లోనే. దానికి ఫోనో స్టేజి తప్పదు. అది సిగ్నల్‌ను 100 రెట్లు పెంచి, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బాస్‌ను తిరిగి నింపుతుంది. అప్పటికీ అర వోల్టే. రోజూ రికార్డులే వినేట్టయితే షాపతని మాట వినండి, ఫోనో ఉన్న యాక్టివ్ తీసుకోండి.

అయితే పాత ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జి ఉంటుంది. దానికి సుమారు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, 10 కిలో ఓమ్‌ల పెట్టెకు తగిలిస్తే బాస్ పూర్తిగా పోతుంది. ముందు ఆ కార్ట్రిడ్జి మీద ఏం రాసి ఉందో చూసి నాకు రాయండి. డబ్బు ఆ తర్వాతే తీయండి.