ప్రజా ప్రసార సంస్థ దేశభక్తి చూపించాలా?

చూపించాలి, కానీ అది ప్రభుత్వ భక్తి కాకూడదు. 1956 సూయజ్ సంక్షోభంలో, అంటే సూయజ్ కాలువ కోసం బ్రిటన్ ఈజిప్ట్‌పై యుద్ధానికి దిగినప్పుడు, బ్రిటన్ ప్రధాని ఈడెన్ బీబీసీలో మాట్లాడారు. మర్నాడే ప్రతిపక్ష నేత గేట్స్‌కెల్ యుద్ధాన్ని తప్పుబడుతూ జవాబిచ్చారు. ప్రభుత్వం ఎంత ఒత్తిడి తెచ్చినా బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనూ ఇరుపక్షాల మాటా వినిపించిందని థాచర్ ప్రభుత్వం మండిపడింది. నా దృష్టిలో ఆ రెండుసార్లూ బీబీసీ దేశానికి మేలే చేసింది, ఎందుకంటే బీబీసీని నడిపే లైసెన్స్ ఫీజు కట్టేవాళ్లలో యుద్ధం వద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లదీ అదే దేశం. జాతీయ గుర్తింపు కూడా ఒకే మూస కాదు. అదే 1982లో బ్రిటన్‌లోనే భాగమైన వేల్స్‌కు వెల్ష్ భాషలో ఎస్‌ఫోర్‌సీ చానల్ వచ్చింది. ప్రజలు గట్టిగా ఉద్యమిస్తేనే వచ్చింది!