సెంటరింగ్ రెడీ, కరెంటు మేస్త్రి పెళ్ళిలో
(మీరడిగారు – మాస్టారు చెప్పారు)

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను డిప్లొమా సివిల్ చేసి పర్లాకిమిడిలో ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. హాస్టల్ బిల్డింగ్ ఒకటి కడతన్నాం, మార్చికి అప్పగించాల్సింది ఇంకా రెండో స్లాబ్ దగ్గరే ఉన్నాం. ఓనర్ గారిని అడిగితే లేబర్ దొరకట్లేదంటారు, మేస్త్రిని అడిగితే మెటీరియల్ రాలేదంటాడు, చివరికి మాటలు పడేది నేను. పీఎంపీ చేస్తే లైఫ్ మారిపోద్దని ఫ్రెండ్ అంటన్నాడు. చెయ్యమంటారా? చేసినా మావాళ్ళు నా మాట వింటారా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తమ్ముడూ, ముందు పీఎంపీ సంగతి తేల్చేద్దాం. 1969లో అమెరికాలో పెట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళిచ్చే సర్టిఫికెట్ అది. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళకే 36 నెలలు ప్రాజెక్టు నడిపిన అనుభవం, 35 గంటల క్లాసులు అడుగుతారు, డిప్లొమా అయితే అనుభవం ఇంకా ఎక్కువ కావాలి. పెద్ద కంపెనీలోకి వెళ్దామనుకుంటే మంచిదే, కాదన్ను. కానీ నీ హాస్టల్‌కి మందు అది కాదు. నీ లెటర్ నువ్వే ఇంకోసారి చదువుకో, ఒకాయన లేబర్ అంటన్నాడు ఒకాయన మెటీరియల్ అంటన్నాడు, ఏ తారీఖున ఏ పని దేనికోసం ఆగిందో మాత్రం మీలో ఒక్కరూ రాసిపెట్టలేదు.

నా కథ చెప్తా విను. బరంపురం పక్కన ఒక స్కూలు బిల్డింగు, నాకప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. సెంటరింగ్, అదే స్లాబ్ పొయ్యడానికి కింద కట్టే చెక్క, అయింది, కింది రాడ్డు కట్టేశారు, మిక్సర్ అద్దెకి తెచ్చాం, పొద్దున్నే 14 మంది కూలీలు దిగారు. అప్పుడు చూస్తే స్లాబ్‌లో కరెంటు పైపులు లేవు! కింది రాడ్డు కట్టాక పై రాడ్డు వెయ్యకముందే ఆ పైపులు పడిపోవాలి కదా. కరెంటు మేస్త్రి ఎక్కడున్నాడయ్యా అంటే ఇచ్ఛాపురంలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఏ రోజు రావాలో నేను చెప్తే కదా. ఆ రోజు కూలి ఊరికే ఇచ్చాం, మర్నాడు వాన, ఆ తర్వాత మిక్సర్ వాడు ఇంకో సైట్‌కి పోయాడు, మొత్తం తొమ్మిది రోజులు సెంటరింగ్ చెక్కకి అద్దె కట్టుకుంటూ కూర్చున్నాం. తొమ్మిది రోజుల్లో ఎవరూ బద్ధకించలేదు, అందరూ ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉన్నారంతే.

ఆ రోజు సాయంత్రం ఖాళీ సిమెంటు సంచి కాగితం చింపి దాని మీద రాశాను, దేని తర్వాత ఏది, ఏది లేకపోతే ఏది ఆగిపోద్ది అని. దీనికే క్రిటికల్ పాత్ అని పేరుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1950ల చివర్లో డ్యూపాంట్ అనే అమెరికా కెమికల్ కంపెనీలో మొదలైందట. విషయం ఇంతే, కొన్ని పనులు వరసగా గొలుసులా ఉంటాయి, అందులో ఒకటి ఒక రోజు లేటైతే బిల్డింగే ఒక రోజు లేటు. ప్రహరీగోడ ప్లాస్టరింగ్ నాలుగు రోజులు ఆగినా ఎవడికీ ఏం కాదు, కానీ మనం పొద్దున్నే వెళ్ళి అరిచేది మాత్రం ఆ ప్రహరీ మేస్త్రి మీదే, ఎందుకంటే గేటు దగ్గర ముందు కనపడేది వాడే!

స్లాబ్ పోశాక స్పాన్, అంటే ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం, నాలుగున్నర మీటర్లు దాటితే 14 రోజులు, లోపైతే 7 రోజులు కింద పోట్లు ఉంచాలని కాంక్రీటు పనికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. మీ ఓనర్ ఎంత తొందరపెట్టినా ఆ రోజులు తగ్గవు. అందుకని ఆ టైంలో ఏం చెయ్యాలో ఇప్పుడే రాసుకో, ద్వారబంధాలు ఆర్డరివ్వడం, బాత్రూం పైపులు కొనడం, తర్వాతి బిల్లు పెట్టడం లాంటివి.

ఇంకోటి, క్యాలెండర్ ముందేసుకుని కూర్చో. మన దగ్గర సగంమంది ఒడియావాళ్ళు, సగంమంది మనవాళ్ళు. జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులు భూదేవికి రెస్టని ఒడియావాళ్ళు మట్టి తవ్వరు, ఆ రోజుల్లో పునాది తవ్వకం పెట్టుకుంటే ఎవడొస్తాడు? సంక్రాంతికి పాతపట్నం మేస్త్రులు ఊరెళ్తే వారం తర్వాతే మళ్ళీ ముఖం చూపిస్తారు. అక్టోబర్‌లో ఓ పది రోజులు ఖాళీ ఉంచు. గజపతి జిల్లాలో ఉన్నవాడివి, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఏం చేసిందో నీకు నేను చెప్పాలా.

ఇక మావాళ్ళు వింటారా అన్నావు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అన్న మాట సైట్‌లో ఎత్తితే వినరు, ఎత్తకు. టీ తాగే చోట ఒక నల్ల బోర్డు కట్టు, మూడే గళ్ళు గియ్యి, ఏ పని, ఎవరు, ఎప్పటికి. తెలుగులోనూ రాయి, పక్కన ఒడియాలోనూ రాయించు. 1964 తుపానుకి రామేశ్వరం దగ్గర పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే 46 రోజుల్లో మళ్ళీ నిలబెట్టిన ఇంజనీరు శ్రీధరన్ గారు, తర్వాత ఢిల్లీ మెట్రో ఆఫీసుల్లో ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే బోర్డులు పెట్టించారు. అంత పెద్దాయనకే బోర్డు కావాల్సొచ్చింది.

తారీఖు మాత్రం నువ్వు వెయ్యొద్దు, శనివారం బట్వాడా అప్పుడు మేస్త్రినే అడిగి ఆయన చెప్పిందే రాయి. ఆ తారీఖు తప్పితే బోర్డు చూపించి నలుగుర్లో తిట్టకు, ఒక్కసారి తిట్టావంటే పై వారం నుంచి అందరూ నీకు అబద్ధం తారీఖులే చెప్తారు. ఏం అడ్డొచ్చిందో అడిగి పక్కన రాసుకో చాలు. ఓనర్ గారి దగ్గరికి చార్టులు పట్టుకెళ్ళకు. పని ఆగిన రోజులెన్ని, ఆ రోజులకి సెంటరింగ్ అద్దె ఎంత, ఈ రెండు అంకెలు చీటీ మీద రాసి నెలాఖరున టేబుల్ మీద పెట్టు. తర్వాత బోర్డుకి సుద్దముక్కలు ఆయనే కొంటారు.

ప్రశ్న: సార్, నేను గుణుపురంలో బీటెక్ థర్డ్ ఇయర్. పీఎంపీకి ఎక్స్‌పీరియన్స్ లేదు, దాని కిందిమెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం రాయొచ్చంటున్నారు. గాంట్ చార్ట్‌కి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: రాయొచ్చమ్మా, దానికి అనుభవం అడగరు, 23 గంటల క్లాసులు చాలు. కానీ ఫీజు కట్టేముందు మీ కాలేజీ ఫెస్ట్ ఒకటి నువ్వు నడుపు. సాఫ్ట్‌వేర్ తర్వాత. హెన్రీ గాంట్ 1910ల్లో ఆ చార్టులు వేసినప్పుడు కంప్యూటరే లేదు. గళ్ళ కాగితం తీసుకో, ఎడమవైపు పనులు, పైన తారీఖులు, హాల్ పర్మిషన్ ఎప్పుడొస్తే పోస్టర్ ఎప్పుడు ప్రింటుకిస్తావో అక్కడినుంచి మొదలెట్టు. ఫెస్ట్ అయ్యాక కొట్టివేతలతో సహా ఆ కాగితం ఫోటో తీసి పంపు, తెల్లగా ఫ్రెష్‌గా రాసింది మాత్రం పంపకు.