గడప దాటించడం ముందు, బ్రెయిలీ తరువాత

మీ ప్రశ్న: పాత మండువా ఇంట్లో రెండు గదుల మ్యూజియం, ముందు మూడు మెట్లు, చేతిలో కొద్దిపాటి డబ్బు. దివ్యాంగుల కోసం బ్రెయిలీ బోర్డులతో మొదలుపెట్టాలా, ర్యాంపుతోనా?

ర్యాంపుతోనేనండీ. మెట్టుకి 15 సెంటీమీటర్లు వేసుకుంటే మూడింటికి 45. వాలు 1:12 మించకూడదు, అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకి పన్నెండు సెంటీమీటర్ల పొడవు. దివ్యాంగుల సౌకర్యాల మీద కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2021 మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది, దాతల్ని అడిగేటప్పుడు పనికొస్తుంది. అంటే వాలు పొడవే 5.4 మీటర్లు. పైనా కిందా మీటరున్నర చొప్పున చదును వదలాలి కాబట్టి మొత్తం కనీసం 8.4 మీటర్లు కావాలి. వాకిట్లో అంత చోటు లేకపోతే ఎల్ ఆకారంలో తిప్పి, మలుపులోనూ 1.5 × 1.5 మీటర్ల చదును ఉంచండి. వెడల్పు 1.2 మీటర్లకి తగ్గొద్దు. రెండు పక్కలా 76, 90 సెంటీమీటర్ల ఎత్తుల్లో రెయిలింగులు, అంచు వెంట చక్రం జారిపోకుండా చిన్న గట్టు ఉండాలి.

మేస్త్రీకి ఉత్తినే "ర్యాంపు" అని చెబితే బైకు ఎక్కించే వాలు కట్టి వెళ్లిపోతాడు. దాని మీద చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. కాంక్రీటు పోసే ముందు దారం కట్టినప్పుడే కొలవండి. కట్టాక సరిచూడాలంటే 120 సెంటీమీటర్ల చెక్క తీసుకుని ఒక కొస వాలు పైవైపు ఆనించి, రసమట్టంతో మట్టం చేయండి. రెండో కొస కింద సందు 10 సెంటీమీటర్లు దాటితే వాలు ఎక్కువైనట్టే. పైన నున్నటి గ్రానైటు వేయించొద్దు, వానకి జారుతుంది. చీపురు గీతలు పెట్టిన సిమెంటు చాలు.

ఇంత చేసి గడప దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. పసుపు రాసిన గడపని కోయడానికి కమిటీ ఒప్పుకోదు, కోయనక్కర్లేదు కూడా. 5 సెంటీమీటర్ల గడపకి అటూ ఇటూ 60 సెంటీమీటర్ల పొడవున చెక్క వాలు చేయించండి. కింద రబ్బరు షీటు అంటిస్తే జరగదు. పైనున్న చదును పొడవులోంచి ఈ 60 మినహాయించకండి, అది అదనం. తలుపు తెరిచాక దారి 90 సెంటీమీటర్లు ఉండాలి. పాత రెండు రెక్కల తలుపైతే రెండూ తీసే ఉంచండి.

ఇక వస్తువుల పక్కన పెట్టే వివరాల చీటీల సంగతి. ఖర్చు తక్కువ, పాడయ్యేది ఎక్కువ ఇక్కడే. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టింది యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. కంటికి తెలుగులానే కనిపిస్తుంది, క్యూఆర్ కోడ్ వెనక పెడితే ఫోను మాత్రం పిచ్చి అక్షరాలు చదువుతుంది. దాన్ని బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేరుకీ అదే గతి. అందుకని ముందు వస్తువుకి ఐదారు వాక్యాల చొప్పున యూనికోడ్‌లో ఒకే ఫైలు రాసుకోండి. గోడ మీది చీటీ, ఫోనులో వినిపించే పాఠం, బ్రెయిలీ అన్నీ అందులోంచే రావాలి. చీటీలో అక్షరం 24 పాయింట్లకి తగ్గొద్దు. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే మన వత్తులు కింది పంక్తి గుడిని తాకుతాయి. లామినేషన్ చేయిస్తే మెరుపుకి ఏమీ కనబడదు, మ్యాట్ కాగితం వాడండి.

తాళపత్రాలు, పాత బట్టల మీద వెలుగు 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. చూపు మందగించినవాళ్లకి అది చాలదు. వస్తువు మీద లైటు పెంచకండి. చీటీకి విడిగా చిన్న లైటు పెట్టి, పక్కనే వస్తువు పెద్ద ఫొటో ఉంచండి.

బ్రెయిలీ ఆఖరున ఎందుకంటే, గాజు వెనకున్న వస్తువుకి బ్రెయిలీ పేరు పెడితే చదివినవాళ్లకి దక్కేది ఆ పేరే. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు కూడా. ముందు తాకడానికి ఏదైనా ఇవ్వండి: తిరగలి, రోలు, మగ్గం నాడె, రెండో కాపీ ఉన్న కుండ. కంచు, ఇత్తడి అసలు వస్తువులు వద్దు, చెమటలోని ఉప్పు మచ్చలు తెస్తుంది. వాటికి నకళ్లు చేయించండి. బల్ల ఎత్తు 80 సెంటీమీటర్లు, మోకాళ్లు పట్టేలా కింద 70 ఖాళీ ఉండాలి. ఉంగరాలు తీయమనండి. చెయ్యి పట్టుకుని వస్తువు మీద పెట్టకండి, ముందు అడగండి. మొత్తం ఆకారం ఎంతుందో చెప్పాక వివరాల్లోకి వెళ్లండి.

ఆ తరువాత బ్రెయిలీ వేయించినా ఫ్లెక్సీ షాపుకి పోకండి, చుక్కల బొమ్మని చదునుగా అచ్చేసి ఇస్తారు. ఉబ్బెత్తు చుక్కలతో చేసిన పలకని బ్రెయిలీ చదివే మనిషి చేత చదివించి, ఆయన ఎదురుగానే బిగించండి. తలకిందులుగా బిగించినవి లేకపోలేదు. కంటి ఎత్తున గోడకి కొడితే మణికట్టు నొప్పెడుతుంది. వస్తువున్న బల్ల అంచునే ఏటవాలుగా పెట్టండి.

గోడకి బిగించిన అల్మరాలు 10 సెంటీమీటర్లకి మించి ముందుకొస్తే తెల్లకర్రకి అందవు, మొహానికి తగులుతాయి. కింద నేల మీద ఒక దిమ్మె కట్టండి. బధిరుల కోసం వీడియో కింద తెలుగులో మాటలు వేస్తే సరిపోతుందనుకోవద్దు. చాలామందికి మొదటి భాష సంజ్ఞ భాషే, కాబట్టి భారతీయ సంజ్ఞ భాషలో చెప్పే మనిషి తెర మీద పెద్దగా కనిపించాలి.

టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల చీపుర్లు, పాత ఫ్లెక్సీలు దాచకండి. మీ వాకిలి పొడవు వెడల్పులు, గడప ఎత్తు రాస్తే మలుపు ఎటు వేయాలో చెబుతాను.