సర్వర్‌లో హార్డ్ డిస్క్ కమాండ్ క్యూయింగ్ ఆన్ చేస్తే అప్లికేషన్ నిజంగా వేగంగా నడుస్తుందా?

నడుస్తుంది. కాకపోతే ఆ సర్వర్ మీద ఒకేసారి నలుగురైదుగురు పడుతుండాలి. క్యూయింగ్ అంటే వచ్చిన కమాండ్లను డిస్క్ క్యూలో పెట్టుకుని తనకు వీలైన వరుసలో సర్దుకోవడం. ఒక్క మనిషి, ఒక్క ప్రోగ్రామ్, ఒకటి అయ్యాకే ఇంకోటి అడిగే పద్ధతి అయితే క్యూలో నిలబడేదే ఉండదు, ఇంక సర్దడానికేముంది? ఇంటి కంప్యూటర్‌లో చూసి "ఏం తేడా లేదు" అని రాసేవాళ్లంతా ఈ ముక్క వదిలేస్తారు.

నేను వరంగల్‌లో సిస్టమ్స్, నెట్‌వర్క్ పని చేస్తాను. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గేటు, కాంటా, బిల్లింగ్ అన్నీ ఒకే సర్వర్‌లోని డేటాబేస్ మీద నడుస్తాయి. మిర్చి సీజన్‌లో బండ్లు రోడ్డు దాకా ఆగుతాయి. సరిగ్గా అప్పుడే పైన ఆఫీసులో ఎవరైనా పార్టీవారీ స్టాక్ రిపోర్టు తీశారంటే కాంటా దగ్గర స్క్రీన్ బిగుసుకుపోయేది. రైతు ఎండలో రసీదు కోసం నిలబడి కాంటా పిల్లవాడిని తిట్టేవాడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ర్యామ్ పెంచమన్నారు, పెంచారు. తర్వాత సర్వరే మార్చమన్నారు. "తమ్మీ, ర్యామ్ ఏసినా గట్లనే ఉంది. ఇంకోటి కొంటే మాత్రం నడుస్తదని గ్యారంటీ ఏంది?" అని ఓనర్ నన్ను పిలిచాడు.

రిపోర్టు నడుస్తుండగానే చూశాను. ప్రాసెసర్ దాదాపు ఖాళీ. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో డిస్క్ క్యూ గీత మాత్రం పైకెక్కి దిగడమే లేదు. డబ్బా దగ్గర చెవి పెడితే లోపల హెడ్ అటూ ఇటూ కొట్టుకుంటున్న గరగర. బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల్లోకి, వెళ్తే సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దగ్గర ఐడీఈ అనే పాత పద్ధతి పెట్టి ఉంది. డిస్క్‌కి క్యూయింగ్ వచ్చు, కానీ దానికి ఒక్కసారికి ఒక్క కమాండే అందుతోంది.

7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. అక్కడొకటి ఇక్కడొకటి చదవాలంటే సెకనుకు సుమారు 80 రీడ్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఎన్‌సీక్యూ, అంటే సాటా డిస్కుల్లో ఉండే ఈ కమాండ్ క్యూయింగ్, ఉంటే డిస్క్ 32 కమాండ్ల దాకా తన దగ్గర పెట్టుకుని, హెడ్‌కి ఏది దగ్గరో, ఏ చోటు ముందు తిరిగొస్తుందో చూసి వరుస మార్చుకుంటుంది. హమాలీకి చిట్టీ తర్వాత చిట్టీ ఇస్తే ప్రతి బస్తాకూ ఫ్లోర్లు ఎక్కి దిగాలి. అన్నీ ఒకేసారి చేతికిస్తే ఒక ఫ్లోర్‌వన్నీ దింపాకే ఇంకో ఫ్లోర్‌కి పోతాడు.

అది విండోస్ సర్వర్ 2008 ఆర్2. బయాస్‌లో నేరుగా ఏహెచ్‌సీఐ (క్యూయింగ్ నడిచే మోడ్) పెడితే బ్లూ స్క్రీన్ వస్తుంది, తొందరపడకండి. ముందు రిజిస్ట్రీలో ఎంఎస్ఏహెచ్‌సీఐ (విండోస్‌లోని ఏహెచ్‌సీఐ డ్రైవర్) సర్వీస్ స్టార్ట్ విలువ 0 చేసి, రీస్టార్ట్‌లో బయాస్ మార్చాలి. రాత్రి గేటు మూశాక బ్యాకప్ తీసుకుని చేశాను. తెల్లారి అదే రిపోర్టు నడుస్తున్నా కాంటా దగ్గర రసీదులు ఆగలేదు. కొత్తగా కొన్నది ఏమీ లేదు.

నాకు మండేది అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ని సర్వర్ అని అమ్మేవాళ్ల మీద. ఎక్స్‌పీ కాలంలో ఏహెచ్‌సీఐ పెడితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీతో డ్రైవర్ ఇవ్వాలి, ఆ తలనొప్పి ఎందుకని ఐడీఈ పెట్టేసేవాళ్లు. ఎక్స్‌పీ పోయింది, ఆ అలవాటు పోలేదు. ఎస్ఎస్‌డీ వేసి కూడా ఐడీఈలోనే వదిలేసిన సిస్టమ్‌లు చూశాను. అందులో తిరిగేదేమీ లేకపోయినా, లోపలి చిప్‌లన్నిటికీ ఒకేసారి పని దొరకాలంటే క్యూ కావాలి. ఎస్ఎస్‌డీల కోసమే చేసిన ఎన్‌వీఎంఈ పద్ధతిలో అయితే ఒక్కో క్యూలో 64 వేల కమాండ్లు, అలాంటి క్యూలు 64 వేల దాకా పెట్టుకోవచ్చు.

క్యూయింగ్ తీర్చలేనిది ఒకటుంది. బిల్లు సేవ్ కొట్టినప్పుడు లాగ్ (మార్పులు రాసుకునే ఫైలు) నిజంగా డిస్క్ మీద పడేదాకా డేటాబేస్ ఆగాల్సిందే. స్పీడ్ కోసం అలా డిస్క్ మీద పడేలా చేసే ఫ్లష్‌ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, వినకండి. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చచ్చి ఉంటే చివరి బిల్లులు గల్లంతవుతాయి, రైతుకి ఏం చూపిస్తారు?

మీది లినక్స్ అయితే సాటా డిస్క్ క్యూ డెప్త్ (ఒకేసారి పట్టే కమాండ్ల సంఖ్య) విలువ చూడండి. 31 లేదా 32 ఉంటే సరే. 1 ఉంటే క్యూయింగ్ లేనట్టే. చూసేది మాత్రం అందరూ పనిలో ఉన్న పూట చూడండి, ఆదివారం ఖాళీ ఆఫీసులో కాదు.