పాత ఫోర్డు రన్నింగ్ బోర్డులు: అల్లుడికి మామయ్య ఉత్తరం

విజయనగరం

చి. ప్రసాదుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 1930 నాటి మోడల్ ఏ ఫోర్డు ఈ రోజుల్లో దొరకడం అదృష్టమేరా. కానీ రన్నింగ్ బోర్డులు, అదే తలుపుల కింద కాలు మోపి ఎక్కే పొడుగాటి పలకలు, పారేసి కొత్త రేకుతో చేయించమని అక్కడి షెడ్డువాళ్లు చెప్పారట, ఆ మాట వినకు. అమెరికాలో వీటికి ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతారు, అవీ తెప్పించకు. ఆ బోర్డు వంపూ, బోల్టు చిల్లులూ తొంభై ఏళ్ల పైగా ఆ మడ్‌గార్డులతోనే కుదురుకుని ఉన్నాయి. కొత్తది తెస్తే చిల్లులైనా సాగదీయాలి, మడ్‌గార్డయినా వంచాలి. పుచ్చిన మేరకే కోసి అతుకు వెయ్యి.

విప్పడానికి రెండు మూడు రోజుల ముందు నుంచే బోల్టులకు డీజిల్ పట్టిస్తూ ఉండు. అవి మెడ చదరంగా ఉండే బోల్టులు. మెడ అరిగితే నట్టుతో పాటు గిర్రున తిరుగుతాయి. అప్పుడు నట్టును ఉలితో చీల్చు, బోర్డు జోలికి పోకు.

బోర్డు దింపాక ఛాసిస్‌కి రివెట్లు కొట్టిన బ్రాకెట్లు చూడు. ఎక్కేవాళ్ల బరువుకి అవి కిందికి వంగి ఉంటాయి. దారం లాగి కట్టి ముందు వాటిని సరిచేయించు. లేకపోతే బోర్డు ఎంత తిన్నగా చేసినా బిగించేసరికి మెలి తిరుగుతుంది.

ఇక తుప్పు. మీ కళింగపట్నం రోడ్డు ఉప్పుగాలి ఒక ఎత్తు, రబ్బరు మ్యాట్ కింద చేరి ఆరని నీళ్లు ఒక ఎత్తు. ఇసుక బ్లాస్టింగ్ చేయించకు, అంత పొడుగు పల్చటి రేకు అప్పడంలా ఉబ్బుతుంది. యాసిడ్ కూడా వద్దు, మడతల్లో ఉండిపోయి లోపలి నుంచి తింటుంది. పెరట్లో గొయ్యి తీసి సిల్పాలిన్ పట్టా పరిచి నీళ్లు నింపు. బకెట్టుకు గుప్పెడు చాకలి సోడా కలుపు. బోర్డునీ, పనికిరాని ఇనప ముక్కనీ అందులో విడివిడిగా ముంచి, పాత బ్యాటరీ ఛార్జర్ మైనస్ బోర్డుకి, ప్లస్ ఆ ఇనప ముక్కకి తగిలించు. ఆ కరెంటుకే తుప్పు వదులుతుంది. ఇది తారుమారైతే నీ బోర్డే కరిగిపోతుంది, ఒకటికి రెండుసార్లు చూసుకో. ఆ ముక్క ఇనుమే కావాలి, స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో ఎవరినీ బీడీ ముట్టించనివ్వకు. ఛార్జర్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టకు. అంచు పట్టీలు ముందే తీసి పక్కన పెట్టు, జింకునీ అల్యూమినియాన్నీ సోడా నీళ్లు తినేస్తాయి. బయటికి తీసిన రోజే కడిగి, బాగా ఆరబెట్టి, ప్రైమర్ కొట్టెయ్యి. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

వెల్డింగ్ మామూలే. అదే మందం రేకు, ఇక్కడో చుక్క అక్కడో చుక్క, మధ్యలో చల్లారనివ్వాలి. మ్యాట్ వచ్చే చోట లప్పం మాత్రం అస్సలు వద్దు. పెళ్లిళ్లకు బండి అడిగేవాళ్లు నీకు తగులుతారు, నలుగురు ఎక్కితే ఆ లప్పం పొడిపొడి అవుతుంది. డెంట్లు సుత్తితో, రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ డాలీతోనే తీయించు.

దసరా దాటాక ఇక్కడ జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి బండి తెస్తానని మీ అమ్మకి చెప్పావట. ఆ వానల్లో ఎన్‌సీ పెయింట్, అదే త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు, కొడితే తేమకి తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి దాటనీ.

బిగించేటప్పుడు బోర్డుకీ బ్రాకెట్టుకీ మధ్య నవారు ముక్క పెట్టు, కిర్రుమనదు. వట్టి నవారు నీళ్లు పీల్చి తుప్పు పట్టిస్తుంది కాబట్టి కరిగిన మైనంలో ముంచి పెట్టు. బోల్టులన్నీ వేలితో ఎక్కించాకే స్పానర్ పట్టు.

పాత రబ్బరు మ్యాట్ ముక్కలైనా పారేయకు. డిజైను బాగా కనిపించే ముక్క ఒకటి ఆదివారం వచ్చే మీ అత్తయ్య చేతికియ్యి. ఇక్కడి టైర్ రీట్రేడింగ్ షాపులో చూపించి, అచ్చు తీయగలరేమో అడుగుతాను.

మీ మామయ్య