ఒక డెర్మటాలజిస్టు పరిశోధన గురించి రాసే ముందు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

రిటైరవుతున్న మీ ప్రొఫెసర్ గారి పరిశోధన మీద వ్యాసం నిన్నే రాయమన్నారని తెలిసి సంతోషించాను. ముందుగా ఆయన హెచ్-ఇండెక్స్ తీసి పెట్టుకున్నానన్నావు. దాన్ని కాసేపు పక్కన పెట్టమ్మా. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన లెక్క అది. ఒకరు రాసిన 30 పేపర్లను ఒక్కొక్కదాన్ని కనీసం 30 సార్లు ఇతర పేపర్లలో ఉదహరిస్తే ఆ మనిషి అంకె 30. ఆ 30లో ఒకటి చర్మవైద్యం నడకనే మార్చినా అది ఒకటిగానే లెక్కకొస్తుంది.

2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఓ చిన్న ఉత్తరం తీసి చదువు. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి లియోటే-లాబ్రెజ్ బృందం రాసింది. ముక్కు మీద హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ ఉన్న ఒక పసిబిడ్డకు స్టెరాయిడ్ వాడుతుంటే గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రానొలాల్ మొదలుపెట్టారు. మర్నాటికే ఆ ఎర్రటి గడ్డ రంగు మారి మెత్తబడింది. ఆ ఉత్తరంలో ఉన్నది మొత్తం 11 మంది పిల్లలే, పోల్చిచూడటానికి ఆ మందు ఇవ్వని మరో గుంపు కూడా లేదు. అయినా ప్రపంచమంతటా పిల్లల చర్మవైద్యులు మందు మార్చుకున్నారు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పసిపిల్లల కోసం ఆ మందు ద్రవరూపాన్ని ఆమోదించింది. గుండె కోసం ఇచ్చిన మందుకు చర్మం ఏం చెబుతోందో కనిపెట్టిన ఆ చూపును ఏ ఇండెక్స్ కొలుస్తుంది? మీ సార్ పేపర్లలో అలాంటి చూపు ఎక్కడుందో మొదట వెతుకు.

ప్రభావం ఒక్కోసారి పేపరు శీర్షికలో కనిపించదు. సోరియాసిస్ తీవ్రతను 0 నుంచి 72 వరకు కొలిచే పాసీ స్కోరు 1978లో ఎట్రెటినేట్ అనే మందు మీద రాసిన పేపరులో వచ్చింది. ఆ మందును తర్వాత అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు. కొలబద్ద మాత్రం నిలిచింది. జీవకణాలతో తయారుచేసే కొత్త బయోలాజిక్ మందులను ఇప్పటికీ దానితోనే పరీక్షిస్తున్నారు.

వాడుక పెరిగేకొద్దీ అర్థం జారిపోవడమూ ఉంది. థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు 1975లో చర్మరకాలను విడదీసింది సోరియాసిస్‌కు ఇచ్చే అతినీలలోహిత చికిత్సలో మొదటి మోతాదు ఎంతో తేల్చుకోవడానికి. ఎండకు కందుతుందా, నల్లబడుతుందా అన్నదే ఆయన ప్రశ్న. మొదట ఆ రకాలు తెల్లచర్మాలకే ఉండేవి. గోధుమ, నలుపు రంగులకు V, VI (అయిదు, ఆరు) రకాలు తర్వాత చేర్చారు. ఇప్పుడు చాలామంది దాన్ని ఉత్త రంగుల పట్టికలా వాడుతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే చెబుతున్నాను, మీ సార్ పని ఎంతమంది నోట పడిందో చూసి ఆగిపోకు, సరిగా అందిందా అనీ చూడు.

అది తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఆయన్ని ఉదహరించిన పేపర్లు ఓ ఇరవై తీసి, ఆ వాక్యం దగ్గరికే వెళ్లి చదువు. ఉపోద్ఘాతంలో వరసగా పేర్చిన పేర్ల మధ్య ఉంటే అది మర్యాద. పద్ధతుల విభాగంలో ఉంటే ఆయన పనిముట్టును తీసి వాడుకున్నారన్నమాట. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా బరువైంది. చర్చలో ఆయనతో విభేదించి ఉంటే దాన్నీ దాచకుండా రాయి. చికిత్సా మార్గదర్శకాల్లో ఏ సిఫారసుకు ఆయన పేపరు ఆధారమైందో కూడా చూడు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకప్పుడు నేను ఒకే ఇంటిపేరు, ఒకే ఇనిషియల్స్ ఉన్న ఇద్దరి పేపర్లను ఒకరివిగా లెక్కగట్టి, సిఫారసు ఉత్తరం పంపేశాక గుర్తించి చాలా సిగ్గుపడ్డాను. ఓర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య ఉంటే దానితో సరిచూసుకో. వందల మంది రచయితలున్న పేపరులో ఆయన చేసిందేమిటో తెలియకపోతే, ఆయన్నే అడుగు.

చివరగా ఆయన శిష్యుల పేపర్లు చదువు. ఆయన విడిచిపెట్టిన ప్రశ్నను ఎవరు చేపట్టారో అక్కడే తెలుస్తుంది. ముసాయిదా కన్నా ముందు, ఆ ఇరవై వాక్యాలూ విడిగా రాసి నాకు పంపు. కలిసి చదువుదాం.

ఇట్లు,
నీ పాత మేష్టారు