ఉత్తరం రాయండి, అప్పుల లెక్క రాయకండి

ప్రశ్న: నేను హిస్టరీ లెక్చరర్‌ని. ఏడాదిగా మా ఆయన, నేను విడిగా ఉంటున్నాం. పదో తరగతి చదివే పెద్దబ్బాయి, రెండేళ్ల వయసున్న చిన్నవాడు ఆయన దగ్గరే ఉన్నారు. ఫోన్ చేస్తే పెద్దవాడు ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఆయన వ్యాపారం కోసం నా పేరు మీద తెచ్చిన అప్పు ఇప్పటికీ నేనే కడుతున్నాను. ఇదంతా వాడికి ఉత్తరంలో రాయనా?

జవాబు: ఉత్తరం రాయండి. ఇదంతా మాత్రం వద్దు. మీ ప్రశ్న చదువుతుంటే నాకు తొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో ఇలాగే పిల్లలకు దూరమైన ధువోదా అనే తల్లి గుర్తొచ్చింది. 824లో ఇప్పటి జర్మనీలోని ఆఖెన్ రాజభవనంలో బెర్నార్డ్ అనే ప్రభువుతో ఆమె పెళ్లయింది. ఆయన కొలువు రాజకీయాల్లో తిరుగుతుంటే ఆమె ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లోని యుజెస్‌లో ఉండిపోయింది. 841లో చక్రవర్తి లూయీ కొడుకులు రాజ్యం కోసం కొట్టుకుంటున్నారు. బెర్నార్డ్ తన విధేయతకు పూచీగా పెద్దకొడుకు విలియంను ఆ కొడుకుల్లో ఒకడైన రాజు చార్లెస్ దగ్గరికి పంపాడు. వాడికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. ఆ మార్చిలోనే పుట్టిన చిన్నవాణ్ణి బాప్తిస్మం కాకముందే తన దగ్గరికి తెప్పించుకున్నాడు. బిడ్డ పేరేమిటో తల్లికే తెలియదు!

ఆ ఏడాది నవంబరు 30న ఆమె విలియం కోసం లాటిన్‌లో ఒక పుస్తకం మొదలుపెట్టి, 843 ఫిబ్రవరి 2న ముగించింది. ఎలా ప్రార్థించాలో, పెద్దలతో ఎలా మెలగాలో చెప్పింది. తమ్ముడు పెరిగాక వాడికీ ఇది చదివి వినిపించమంది. భర్త మీద ఫిర్యాదు మాత్రం చేయలేదు. ఈ నిగ్రహం మీరూ తెచ్చుకోండి, కష్టమే అయినా.

కానీ ఆమె కూడా అప్పుల సంగతి రాసింది. భర్త వ్యవహారాలు నిలబెట్టడానికి క్రైస్తవుల దగ్గర, యూదుల దగ్గర బాకీ పడ్డానని, తను తీర్చలేకపోతే కొడుకే తీర్చాలని! ఆ కాలపు వారసుడికి చెప్పక తప్పలేదేమో. మీవాడికి పరీక్షల టెన్షన్ చాలు. అప్పు కాగితాలు లాయరుకు చూపించండి.

తండ్రికి విధేయుడిగా ఉండు, రాజుకూ నమ్మకంగా ఉండు అని కూడా ఆమె చెప్పింది. 844లో ఆ రాజే ద్రోహం నేరం మీద తండ్రికి మరణశిక్ష వేయించాడు. ఇక ఇద్దరికీ నమ్మకంగా ఉండటం ఎలా? విలియం రాజు మీద తిరగబడ్డాడు. కొన్నేళ్లకు తనూ హతుడయ్యాడు. మీవాడి ముక్తసరి మాటలు ప్రేమ లేక కాకపోవచ్చు. పక్కన నాన్న ఉన్నప్పుడు అమ్మతో ఎంత నవ్వొచ్చో వాడికి తెలియడం లేదేమో. అందుకే ఉత్తరంలో నాన్న ఊసు, జవాబు రాయమనే ఒత్తిడి వద్దు. వాడి చదువు, ఆట, మీ కాలేజీ కబుర్లు చాలు. నెలనెలా రాయండి.

ధువోదాకు లేని దారి మీకుంది. పిల్లల్ని కలిసే హక్కు కోసం ఫ్యామిలీ కోర్టులో అడగొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు న్యాయ సహాయం ఉచితం. ముందు ఈ పని చూడండి, చిన్నవాడికి ఉత్తరం చదవడం రాదు కదా.